విమానం కిటికీలోంచి మెదక్

నలభై ఏళ్లు ఫోటోలు తీశాను. పెళ్లిళ్లు, తొట్టెల పండుగలు, పాస్‌పోర్టు సైజులు, రోడ్డు ప్రమాదాలు, పంచనామాలు. వాటన్నిటిలో ఊరంతా ఒకేసారి చూసిన ఫోటో ఒక్కటే. ఆ ఒక్కటే తప్పు ఫోటో. దానివల్ల ఒక మనిషి నోటికాడి కూడు పోయే పరిస్థితి వచ్చింది. ఆపగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

మొన్న ఫోటోగ్రాఫర్ల సంఘం నుంచి కొందరు పిల్లలు ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసుల జరిగింది ఏదన్న మాకు పనికొచ్చేది రాసియ్యుండ్రి" అన్నారు. గొప్పలు రాసే ఓపిక నాకు లేదు. మోకాళ్లు పోయాయి, ఎడమ కంట్లో పొర వచ్చింది, దుకాణం మూసి రెండేళ్లయింది. పనికొచ్చేదంటే ఇదొక్కటే ఉంది. చదివి నన్ను తిట్టుకున్నా పరవాలేదు.

మెదక్ బస్టాండుకు దగ్గరలో నా స్టూడియో ఉండేది. దాంతోపాటు ఒక పత్రిక జిల్లా పేజీకి ఫోటోలు ఇచ్చేవాణ్ని. మా రిపోర్టరు నాకంటే పన్నెండేళ్లు చిన్న. వార్త ఇంకా జరగకముందే దానికి హెడ్డింగు ఆలోచించి పెట్టుకునే మనిషి. మేమిద్దరం ఒకే బండి మీద పాపన్నపేట పొలాల్లో వరదలకూ, నర్సాపూర్ అడవిలో మంటలకూ తిరిగాం. మంచివాడే. కాకపోతే హెడ్డింగు కుదిరాక ఇక వార్త మాట వినేవాడు కాదు.

ఇంకొక మనిషి వీధి దీపాల భాయ్. ఊళ్లో వీధి దీపాల పనిని ఒక కాంట్రాక్టు కంపెనీ చూసేది. అందులో మా వైపు వార్డులు అతనివి. సాయంత్రం అయ్యేసరికి స్కూటరుకు పక్కన నిచ్చెన కట్టుకొని, గల్లీ గల్లీకీ తిరిగి స్విచ్చులు వేసేవాడు. అందరూ అక్కడితో పని అయిందనుకుంటారు. భాయ్ మాత్రం మళ్లీ ఒక చుట్టు తిరిగి, ప్రతి గల్లీ చివరి దీపం దాకా పోయి, అది వెలుగుతుందో లేదో కింద నిలబడి చూసేవాడు. ఆ తర్వాత నా స్టూడియోకు వచ్చి, పెళ్లికూతుళ్లను కూర్చోబెట్టే స్టూలు మీద కూర్చొని, కంపెనీ రిజిస్టరు తీసి రాసేవాడు. బయట హోటల్లో రాయొచ్చు కదా అంటే, "నీ దగ్గర లైటు మంచిగుంటదన్నా. అక్షరం సాఫ్ వస్తది" అనేవాడు. వేళ్ల మీద దీపాలు లెక్కపెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ రాసేవాడు. పదిహేనేళ్లు దాదాపు ప్రతి సాయంత్రం చూశాను ఆ దృశ్యం. ఒక్కసారి కూడా ఫోటో తియ్యాలని తోచలేదు.

ఇక విమానం సంగతి. ఊళ్లో పేరున్న ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పెళ్లి ఢిల్లీలో జరిగింది. ఫోటోలకు నన్ను తీసుకుపోయారు. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం. యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి విమానం ఎక్కాను. అడిగి మరీ కిటికీ సీటు పెట్టించుకున్నాను. రాత్రిపూట ఆకాశంలోంచి మన ఊళ్ల దీపాలు తియ్యాలన్నది నా చాలాకాలపు కోరిక. అలాంటి ఫోటోలు పుస్తకాల్లో చూశాను, ఎలా తీస్తారో చదివాను. చెయ్యి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

మీరూ ప్రయత్నిస్తారు కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. విమానం కిటికీకి పెద్ద శత్రువు లోపలి వెలుతురు. బయట ఊరు ఉంటుంది, అద్దంలో మన ముఖం పడుతుంది. అందుకని మా ఆవిడ నల్ల శాలువా తీసుకుపోయాను. దాన్ని తలమీదుగా కిటికీ చుట్టూ కప్పుకొని, లెన్సు అద్దానికి దగ్గరగా పెట్టాను. ఆనిస్తే విమానం వణుకంతా ఫోటోలోకి వస్తుంది. ఫోకసు కెమెరాకు వదిలితే చీకట్లో అది అటూ ఇటూ వెతుక్కుంటూ ఉంటుంది. చేత్తో దూరానికి తిప్పి అక్కడే ఉంచాలి. ఎన్ని చేసినా పాతిక తీస్తే ఒకటి నిలుస్తుంది.

నేను శాలువా కింద ఉండటం చూసి ఎయిర్ హోస్టెస్ వచ్చి, "అంకుల్, తబియత్ ఠీక్ హై?" అని అడిగింది. పక్కన కూర్చున్న పెళ్లికొడుకు మేనమామ నర్సాపూర్ ఆయన. నవ్వాపుకోలేక, "మా సారుకు ఏం గాలేదు, ఫోటో తీస్తుండు" అని తెలుగులోనే చెప్పాడు. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో, మంచినీళ్లు ఇచ్చి పోయింది.

హైదరాబాద్ దగ్గరపడుతుండగా పైలట్ ఏదో ప్రకటించాడు. కింద రద్దీగా ఉంది, కాసేపు ఆగాలి అన్నట్టు అర్థమైంది. విమానం ఒరిగింది, తిరిగింది, మళ్లీ ఒరిగింది. ఎటు తిరిగామో మాకేం తెలుసు? ఆ ఒరగడంలో నా కిటికీ నేరుగా నేలవైపుకు వచ్చింది. ఒక ఊరు కనిపించింది. దీపాల మధ్య నల్లగా ఒక పెద్ద గుట్ట, దాని పక్కన ధగధగా ఒక వెలుగు.

మేనమామ నా శాలువాలోకి తల దూర్చి, "సార్, గిది మన మెదకే. గా నల్లగ కనవడేది ఖిల్లా గుట్ట. పక్కన మెరిసేది చర్చి" అన్నాడు.

దీపాల నడుమ నల్లటి గుట్ట, పక్కన పెద్ద వెలుగు కనిపిస్తే మెదక్ వాడికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. నాకూ అక్కర్లేకపోయింది. నేను పుట్టిన ఊరు పిడికెడు నిప్పుల్లా కింద పడి ఉంది. గబగబా తీశాను. ఇరవై ఏడింటిలో ఒకటి నిలిచింది.

మర్నాడు రిపోర్టరుకు చూపిస్తే కుర్చీలోంచి లేచాడు. "అన్నా, మొదటి పేజీకి పోతది. 'ఆకాశం నుంచి మన మెదక్'" అన్నాడు. హెడ్డింగు అప్పటికే కుదిరిపోయింది. డెస్కువాళ్లు అడిగిన కొలత నిలువు. నా ఫోటో అడ్డం. కుడివైపు మూడో వంతు కత్తిరించాను. ఆ కత్తిరించిన భాగంలో ఒక వెడల్పాటి రోడ్డు, దానికి అడ్డంగా తెల్లటి దీపాల వరుస ఒకటి ఉన్నాయి. ఏదో రైస్ మిల్లు అయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకోవాలనిపించి అనుకున్నాను.

ఫోటో కింద మొదటిసారి నా పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. ఊళ్లో రెండు రోజులు పండుగే. టిఫిన్ సెంటరు ఆయన పేపరుకు లామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. ఒక టీచరమ్మ తన డాబా మీది బల్బు ఎక్కడుందో పెన్నుతో గుర్తుపెట్టి తెచ్చింది. మంగలి దుకాణంలో ఇద్దరు ఒకే చుక్కను మాదంటే మాదని తగువులాడుకున్నారు. పాపన్నపేట నుంచి వచ్చిన ఒక రైతు, "మా ఊరు ఎటు దిక్కు వస్తది సార్" అని అడిగితే, పేపరు అంచు దాటి బల్ల మీద వేలుపెట్టి చూపించాను. ఆయన బల్లను శ్రద్ధగా చూసి తృప్తిగా పోయాడు.

మూడో రోజు గొడవ మొదలైంది. ఫోటోలో గుట్ట వెనకవైపు ఒక నల్లటి పట్టీ ఉంది. అక్కడ చుక్క కూడా లేదు. అది తమ కాలనీయేనని ఖిల్లా వెనకాల కాలనీవాళ్లు తేల్చారు. వాళ్లకు కొత్త స్తంభాల కోసం ఎప్పటినుంచో పేచీ ఉంది. పేపరు పట్టుకొని కంపెనీ ఆఫీసుకు పోయి కూర్చున్నారు. మా రిపోర్టరు మరో వార్త రాశాడు. దాని హెడ్డింగు 'ఆకాశానికి కనిపించిన చీకటి'. బాగా పేలింది.

కంపెనీ సూపర్‌వైజరు నేను ఫోటో తీసిన రాత్రి తేదీ రిజిస్టరు తీశాడు. ఆ కాలనీ గల్లీలో నాలుగు దీపాలు, నాలుగూ వెలిగాయని భాయ్ రాసి సంతకం పెట్టి ఉన్నాడు. ఫోటోలో చీకటి, పుస్తకంలో వెలుగు. దొంగ రాతలు రాస్తున్నాడని భాయ్‌ను పనిలోంచి ఆపారు. సోమవారం విచారణ, తప్పు తేలితే తీసివేత. ఇరవై ఆరేళ్లు స్తంభాలు ఎక్కినవాడు. ఇంట్లో భార్య, పక్షవాతం వచ్చిన తల్లి. ఆ పని తప్ప అతనికి మరొకటి రాదు.

గురువారం సాయంత్రం రిపోర్టరు ఫోన్ చేసి, కాలనీ సంఘంవాళ్లు ఫ్లెక్సీ వేయిస్తారట, పెద్ద ప్రింటు కావాలన్నాడు. పెద్దదనేసరికి కత్తిరించని అసలు ఫోటో తెరిచాను. కంప్యూటర్ మీద పెద్దది చేసి చూస్తే కుడివైపు రోడ్డు రెండు వరుసల హైవే. దానికి అడ్డంగా ఉన్న తెల్లటి దీపాల వరుస మిల్లు కాదు, టోల్‌గేటు. రెండువైపులా లారీల దీపాలు బారులు తీరి ఉన్నాయి.

మా ఊళ్లో గుట్ట పక్కన టోల్‌గేటు ఎక్కడిది?

ఫోన్లో మ్యాపు తెరిచి పక్కన పెట్టుకున్నాను. గుట్టలున్న ఊళ్లన్నీ వెతికాను. ఫోటోను తిప్పి తిప్పి చూడగా చివరికి భువనగిరి మీద సరిగ్గా కూర్చుంది. గుట్ట, రోడ్డు వంపు, టోల్‌గేటు, అన్నీ. విమానం చక్కర్లు కొట్టి హైదరాబాద్‌కు తూర్పువైపు పోయింది. మెదక్‌ మీద నేను ఒక్క ఫోటో కూడా తియ్యలేదు.

రిపోర్టరుకు ఫోన్ చేసి చెప్పాను. "ఎవలికన్న చెప్పినవా?" అన్నాడు.

"లేదు."

"చెప్పకు. సవరణ ఏస్తే డెస్కోళ్లు మనిద్దర్ని తీసేస్తరు. నాలుగు దినాలు ఆగితే జనమే మర్శిపోతరన్నా."

"భాయ్ సంగతి?"

"ఆయనకేం గాదు. గట్టిగ బెదిరిచ్చి మల్ల పనిలకు తీస్కుంటరు. వాళ్లకు గూడ నిచ్చెన ఎక్కెటోడు దొరకద్దా?"

ఆ మాట నాకు హాయిగా అనిపించింది. అప్పుడు సిగ్గుపడలేదు, ఇప్పుడు పడుతున్నాను. నా పేరు మొదటిసారి పెద్ద అక్షరాల్లో పడి వారం కాలేదు. దారిలో మనుషులు ఆగి నమస్తే పెడుతున్నారు. ఇంకో నాలుగు రోజులు అలా ఉంటే ఎవరికి నష్టం అనుకున్నాను. నలభై ఏళ్లు అందరి ముఖాలకూ వెలుతురు పట్టినవాడిమీద ఒకసారి కాస్త వెలుతురు పడితే ఎంత వెర్రివాడవుతాడో మీకు తెలియాలని ఇది దాచకుండా రాస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం భాయ్ స్టూడియోకు వచ్చాడు. స్కూటరుకు నిచ్చెన లేదు. తెల్ల లాల్చీ, జుమ్మా నమాజుకు పెట్టుకున్న టోపీ ఇంకా తలమీదే ఉంది. ఎప్పటి స్టూలు మీద కూర్చోలేదు, కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, జర ఆ ఫోటో పెద్దగ చూపిస్తవా? పేపర్ల అంత సాఫ్ కనవడ్తలేదు. గా గల్లీల నేను నాలుగు ఏసిన. చివరిదాని కింద నిలబడి చూసిన గూడ. నాకు యాదికున్నది."

కంప్యూటర్ ముందే కూర్చొని ఉన్నాను. రెండు ఫోటోలూ ఒకే చోట ఉన్నాయి, అసలుదీ, కత్తిరించిందీ. వేలు దేనిమీదకైనా పోవచ్చు. కత్తిరించినదాన్ని తెరిచాను.

భాయ్ వంగి చూశాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకొని మళ్లీ చూశాడు. గుట్ట చుట్టూ వేలుతో గల్లీలు గీసుకుంటూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. నల్లటి పట్టీ దగ్గర వేలు ఆగింది.

"చీకటే ఉన్నదన్నా" అన్నాడు.

చాయ్ తెప్పిస్తానన్నాను. వద్దని, కళ్లద్దాలు తుడుచుకొని, సలాం చెప్పి పోయాడు. ఆ సాయంత్రం అన్నం కంచం పక్కకు జరిపి లేచాను. మా ఆవిడ కడుపునొప్పా అని అడిగితే అవునన్నాను.

శనివారం చేగుంటలో పెళ్లి. పొద్దున్నుంచి రాత్రిదాకా పని చేసి భాయ్ సంగతి మర్చిపోయినట్టే ఉన్నాను. ఆదివారం పని లేదు. పొద్దువాలాక ఆ కాలనీకి నడుచుకుంటూ పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. నాలుగు స్తంభాలకూ దీపాలు వెలుగుతున్నాయి. చివరి స్తంభం కింద ఒక ముసలమ్మ చాటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఇవి మధ్యల ఆరిపోయినయా అవ్వా?" అని అడిగాను.

"ఎన్నడు ఆరలే బిడ్డా. నేను దినాం గిక్కడనే కూసుంట."

"మరి చీకటున్నదని మీ కాలనీవాళ్లే పోయి చెప్పిన్రు గద?"

"పేపర్ల ఫోటోల చీకటున్నదన్నరు. గంత పైకెళ్లి తీసినోళ్లకు తెల్వదా? మేం కిందున్నోళ్లం, మాకేం ఎరుక" అంది. మళ్లీ బియ్యంలోకి వంగింది.

ఆ ముసలమ్మ కళ్లకు నా కళ్లకంటే చూపు తక్కువ. అయినా దీపం కింద కూర్చొని, దీపం లేదేమో అని అనుమానపడుతోంది. అది నేను చేసిన పని. ఇంటికి నడుస్తుంటే నామీద నాకే అసహ్యం పుట్టింది. ఆ రాత్రే అసలు ఫోటో మొత్తం పెద్ద ప్రింటు తీశాను.

సోమవారం పది గంటలకు కంపెనీ ఆఫీసుకు పోయాను. మేడ మీద ఒక గది, రెండు బల్లలు. సూపర్‌వైజరు ఇస్త్రీ చొక్కాలో కూర్చొని ఉన్నాడు. భాయ్ గోడ పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను ప్రింటు బల్లమీద పరిచి, ఫోన్లో మ్యాపు పక్కన పెట్టి, ఇది మెదక్ కాదు, భువనగిరి, పొరపాటు నాది, ఇతను రాసింది నిజం అని చెప్పాను. దారిలో చాలాసార్లు అనుకుంటూ వచ్చిన మాటలు. మూడు వాక్యాల్లో అయిపోయాయి.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. ప్రింటు మీద వేలుపెట్టి, మ్యాపు మీద వేలుపెట్టి రెండూ పోల్చి చూశాడు. ఒప్పుకున్నట్టే తలూపాడు. తర్వాత సొరుగు తీసి ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"ఫోటో సంగతి గట్లుండనియ్యి సార్. గిది చూడుండ్రి. శనివారం పొద్దుగాల ఈయననే వచ్చి రాసిచ్చిండు."

భాయ్ చేతిరాతే. నా స్టూడియోలో పదిహేనేళ్లు చూసిన అక్షరాలే. ఆ రాత్రి నా నిర్లక్ష్యం వల్ల నాలుగు దీపాలు వెలగలేదు, రిజిస్టరులో తప్పుగా రాశాను, క్షమించగలరు. కింద సంతకం.

"నేను రాయమన్లే. ఒప్పుకుంటే పెద్దసార్లకు చెప్తనన్న, గంతే" అన్నాడు సూపర్‌వైజరు. "శనివారమే పైకి పంపిన. ఒప్పుకున్నదాన్ని వాపస్ తీస్కోనియ్యరు. ఇప్పుడు నేనేం జెయ్యాలె?"

"రాసిన మాట నిజం కాదు గద" అన్నాను.

"అది ఆయన శనివారం చెప్పాలె సార్."

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. నేను కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను, హైదరాబాద్‌లో వాళ్ల పెద్దాఫీసుకు రెండుసార్లు పోయాను. ఒప్పుకోలు ఉంది కదా అన్నారు. భాయ్‌ను తీసేశారు. మా పత్రిక లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేసింది. టిఫిన్ సెంటరు గోడమీది ఫోటో మరో ఏడాది అక్కడే ఉంది. ఇది మనది కాదట అని ఎవరో అంటే, అయితేంది మంచిగున్నది కదా అన్నాడట ఆయన. రిపోర్టరు నాతో మాట్లాడటం మానేశాడు, నేను పత్రికకు ఫోటోలు పంపడం మానేశాను. భాయ్ చేగుంటలో ఒక ఫంక్షన్ హాలులో వైరింగు పనికి కుదిరాడు. పెళ్లిళ్లలో ఎదురుపడితే సలాం చెబుతాడు. నేను సిరీసు బల్బుల కింద ఫోటోలు తీస్తుంటే, తను నిచ్చెన పట్టుకొని అవతలి గుమ్మంలోంచి పోతాడు.

ఆ సోమవారం ఇద్దరం కలిసే మెట్లు దిగాం. కింద స్కూటరు దగ్గర ఆగాడు.

"ఎందుకు రాసిచ్చినవు భాయ్? వెలిగినయని నీకు తెలుసు గద" అన్నాను. కోపంగానే అన్నాను. నా తప్పులో కొంత అతనికి పంచాలని చూశాను.

"తెలుసనే అనుకున్నన్నా. ఇరవై ఆరేండ్లు చూసిన కండ్లు. గని ఫోటోల చీకటి కనవడ్డది. నేను పోయినంక ఫ్యూజు పోయిందేమో అనుకున్న. ఒక్కోపాలి అసలు ఆ దినం నేను ఆ గల్లీకి పోయిన్నా లేదా అని గూడ అనిపిచ్చింది." తాళంచెవి పెట్టాడు గాని తిప్పలేదు. "ఇది మనూరు కాదని నీకు ఎప్పుడు తెలిసిందన్నా?"

ఇవాళే అనొచ్చు. రాత్రే అనొచ్చు. అతను నమ్మేవాడు, నేనేం చెప్పినా నమ్మేవాడు.

"గురువారం" అన్నాను.

భాయ్ తాళంచెవి మీంచి చెయ్యి తీశాడు. వేళ్లు మెల్లగా కదిలాయి. గురువారం, శుక్రవారం, శనివారం.

"నేను శుక్రవారం వచ్చిన గద" అన్నాడు.

స్కూటరు స్టార్టు చేసుకొని పోయాడు.